ఎండాకాలపు పొగమంచు

ఆ ఊళ్ళో రేపు వాన వస్తుందా రాదా అన్న అనుమానం వస్తే ఎవరూ తలెత్తి ఆకాశం వంక చూడరు, రేడియో పెట్టుకుంటారు. శనివారం సాయంత్రం కరెంటు కోతల వేళలూ, కుళాయి నీళ్ళు వచ్చే వీధులూ, తప్పిపోయిన మేకల ఆనవాళ్ళూ చదవడం అయిపోయాక ఒక ఆడగొంతు చిన్నగా సర్దుకుని, "ఇక మన వారం వాతావరణం" అంటుంది. బట్టలు ఉతికేవాళ్ళ దగ్గర్నుంచి ఇళ్ళకి రంగులేసేవాళ్ళ దాకా అందరూ చేతిలో పని పక్కన పెట్టి వింటారు. ఆ గొంతుకి ఊరు పెట్టిన పేరు మబ్బులక్క. తలలు నెరిసిన పెద్దమనుషులు కూడా ఆమెని అక్కా అనే పిలుస్తారు, ఆమె కూడా కాదనదు.

రేడియో స్టేషన్ అంటే ఏదేదో ఊహించుకోకండి. ఇనప సామాన్ల కొట్టు మీద రెండు గదులు. లోపలి గది గోడలకి చప్పుడు రాకుండా గుడ్ల అట్టలు అతికించారు. చదివేటప్పుడు ఫ్యాను ఆపెయ్యాలి, లేకపోతే దాని కిర్రుకిర్రు కూడా ఊరంతా వింటుంది. కింద కొట్టువాడు ఇనప చువ్వలు దించని వేళ చూసుకుని మరీ ఆమె మైకు ముందు కూర్చోవాలి. ఆ అట్టల మధ్య చెమటలు కక్కుతూ ఆమె ఊరికి చలిగాలుల కబురు చెప్పిన రోజులు లేకపోలేదు.

పెద్ద ఆఫీసు నుంచి వారం వాతావరణం ఒక కాగితం ముక్కగా వస్తుంది. అందులో ఎప్పుడూ ఒకటే వరస: అక్కడక్కడ తేలికపాటి జల్లులు. ఆ 'అక్కడక్కడ' అన్న మాట చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. అక్కడంటే ఎక్కడ? కొండకి ఇవతలా, అవతలా? అందుకని కాగితం పట్టుకుని స్టేషను డాబా ఎక్కుతుంది. అక్కడ తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఉంది, అందులో పక్కపక్కనే రెండు థర్మామీటర్లు. ఒకదాని మూతికి ఎప్పుడూ తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే తడిగుడ్డ త్వరగా ఆరుతూ ఆ రెండోదాన్ని చల్లబరుస్తుంది, రెండింటికీ మధ్య ఎడం పెరుగుతుంది. గాలి నిండా తేమ ఉంటే రెండూ ఒకే అంకె చూపిస్తాయి. ఆ తర్వాత కొండ మీద చెక్‌పోస్టు గేటు దగ్గరుండే కాపలాదారుకి ఫోను చేసి, మబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో కనుక్కుంటుంది. అప్పుడు గానీ ఆ కాగితం ఊరి వాతావరణం అవదు.

చివర్లో వారానికొక సంగతి విడమరిచి చెబుతుంది. "చల్లటి నీళ్ళు పోసిన గ్లాసుకి బయట చెమట పడుతుంది కదా, అది గ్లాసులోంచి కారింది కాదు, చుట్టూ ఉన్న గాలిలోది. రాత్రి చల్లబడ్డ గడ్డి మీద మంచు బొట్లు కూడా అంతే" అంటుంది. ఉక్కపోత గురించి చెబుతూ, "చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలికి అప్పటికే కడుపు నిండిపోయి ఉంటే మన చెమటనింక ఎక్కడ దాచుకుంటుంది చెప్పండి?" అంటుంది. "మెరుపూ ఉరుమూ కవల పిల్లలు. ఒకేసారి పుడతాయి. వెలుగు పరిగెత్తుకొస్తుంది, చప్పుడు నడిచొస్తుంది. రెండూ కలిసి వచ్చాయంటే పిడుగు మీ పెరట్లో ఉన్నట్టే, కబుర్లాపి ఇంట్లోకి పదండి" అని పెద్దవాళ్ళని కూడా పిల్లల్ని గదిమినట్టు గదుముతుంది. ఊరు ఆమెని నమ్మింది. అత్తగారు తప్ప. అత్తగారి నమ్మకమంతా తన మోకాళ్ళ మీద.

"నీ పెట్టె ఏమన్నా అను అమ్మాయ్, నా ఎడం మోకాలు పొద్దుట్నుంచీ సలుపుతోంది, వాన ఖాయం" అంటుంది ఆవిడ. పది సార్లకి ఆరు సార్లు ఆ మోకాలే గెలుస్తుంది కూడా. అది వేరే సంగతి.

ఇంతటి మనిషికి ఒక జబ్బు పట్టుకుంది. దాని మూలం ఆమె మొగుడు.

ఆయన బస్సు డ్రైవరు. తెల్లారకముందే డిపోలోంచి బయల్దేరే మొదటి బస్సు ఆయనది, కొండెక్కి అవతలి ఊళ్ళకి పోతుంది. ఎక్కే దారిలో సగానికి ఏటి మీద వంతెన, వంతెన దాటగానే మలుపు. ఆ మలుపులో చలికాలం పొద్దున్నే పొగమంచు కూర్చుంటుంది. మనిషి మితభాషి అనడం కూడా ఎక్కువే, అసలు మాటలు పెళ్ళికి ముందే ఖర్చు పెట్టేసుకున్నాడా అనిపిస్తుంది. ఏమడిగినా "ఊఁ" అంటాడు. ఆ ఊఁకి అవునని అర్థమో, విన్నానని అర్థమో, ఇక ఊరుకోమని అర్థమో కాపురం చేస్తున్న ఆమెకే అంతుపట్టదు.

పోయిన చలికాలంలో ఒకరోజు ఆయన బస్సు కండక్టరు ఇంటికొచ్చాడు. అతనికి మాటలే తిండి. కుర్చీలో కూర్చున్నాడో లేదో మొదలెట్టాడు.

"వదినా, అన్న చెప్పాడా? నిన్న మలుపులో రాళ్ళ ట్రాక్టరు ఆగిపోయి ఉంది. లైట్లు లేవు, ఏమీ లేదు. మంచులో కనపడితేగా! అన్న బ్రేకు మీద లేచి నిలబడ్డాడనుకో. దిగి చూస్తే మధ్యలో నా అరచెయ్యి కూడా పట్టేట్టు లేదు. ఇంకాస్తుంటే మా ఇద్దరి ఫోటోలకీ దండలు పడేవి!" అని పకపకా నవ్వాడు.

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. ఆయన ముందురోజు ఇంటికొచ్చి మామూలుగా కాళ్ళు కడుక్కుని మామూలుగా భోంచేసి పడుకున్న వైనం గుర్తుకొచ్చింది. ఆ శనివారం కాగితంలో లేని మాట ఒకటి మైకులో చదివింది: "కొండ దారిలో తెల్లవారుజామున దట్టమైన పొగమంచు కమ్ముకునే అవకాశం ఉంది. వాహనాలు నడిపేవాళ్ళు నిదానంగా వెళ్ళండి."

చలికాలమే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. ఆ తర్వాతి వారమూ చదివింది. ఆపైన ప్రతి వారమూ. చదవకపోతే ఆ వారమంతా ఆమెకి అన్నం సయించేది కాదు. గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయేది. వీధిలో ఎవరి బండి గట్టిగా బ్రేకు వేసినా చేతిలోది జారిపోయేది. పొగమంచు అన్న మాట నోట్లోంచి బయట పడ్డాక గానీ ఊపిరాడేది కాదు. చలి పోయింది. ఎండలు ముదిరాయి. తారు రోడ్డు చెప్పులకి అంటుకునే రోజులొచ్చాయి. ఆమె రేడియోలో మాత్రం కొండ దారిలో పొగమంచు కమ్ముతూనే ఉంది.

ఊరు ఊరుకుంటుందా? స్టేషనుకి ఫోన్ల మీద ఫోన్లు. "మబ్బులక్కా, ఫ్యాను కింద చొక్కా పిండుకుంటున్నాం, ఆ పొగమంచేదో కాస్త మా వీధికి కూడా పంపరాదూ?" అన్నాడొకడు. ఐసు ముక్కలమ్మే బండివాడు తన బండి మీద 'ఇచ్చట పొగమంచు దొరకును' అని రాయించుకున్నాడు. డిపోలో అయితే మరీను. మొదటి బస్సు స్టార్టు చేసినప్పుడల్లా ఎవడో ఒకడు "అన్నా, మంచు, మంచు! చూసి పో!" అని అరిచేవాడట. ఇదంతా కండక్టరు చెబితే తెలిసిందే తప్ప ఆయన కిమ్మనలేదు.

చివరికి పూలమ్మే ఆవిడొకతె, పొగమంచు మాట నమ్మి మొదటి బస్సు మానేసి, రెండో బస్సుకి పోయేసరికి పూలన్నీ వాడిపోయి లబోదిబోమంటూ స్టేషనుకొచ్చింది. స్టేషను మేనేజరు నెమ్మదస్తుడు, ఆ రోజు మాత్రం ఒంటికాలి మీద లేచాడు.

"ఏంటమ్మా ఇది? మండు వేసవిలో పొగమంచేంటి? నీ పెట్టె చెప్పిందా, గేటు కాపలాదారు చెప్పాడా?"

ఆమె ఏమని చెబుతుంది? మా ఆయన ఆ దారిన పోతాడండీ అనా?

"ఇక మీదట ఉన్నది ఉన్నట్టు చదువు. లేనిది ఒక్క ముక్క కలిపినా వారం వాతావరణం ఎత్తేసి, పెద్ద ఆఫీసువాళ్ళ రికార్డు పెట్టేస్తాను. దీనికంటే వాళ్ళ 'అక్కడక్కడే' నయం" అన్నాడు.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. అట్టల గది, తడిగుడ్డ, శనివారం సాయంత్రాలు పోతే తనకింక మిగిలేది ఏమిటో ఆమెకి బాగా తెలుసు. సరేనంది. ఆ శనివారం ఉన్నది ఉన్నట్టు చదివింది. పొగమంచు ఊసెత్తలేదు. వారమంతా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. అత్తగారు మంచం మీంచి చూసి చూసి, "నాకు మోకాళ్ళు నొప్పి, నీకేమో అవి ఒకచోట నిలవని జబ్బు. కూర్చోవే తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయి" అని విసుక్కుంది.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పడమట నల్లటి మబ్బు లేచింది. ఇంటి డాబా మీద ఆరేసిన బట్టలు తీసేలోపే వడగళ్ళు టపటపా రాలాయి. వీధిలో పిల్లలు గిన్నెలు పట్టుకుని పరిగెత్తారు, పక్కింటి రేకుల మీద ఒకటే మోత. ఆ సాయంత్రం రోజూ చదివే ప్రకటనలు చదవడానికి వెళ్ళినప్పుడు, ఎవరూ అడక్కపోయినా, వడగళ్ళ సంగతి నాలుగు మాటలు చెప్పింది: మబ్బు లోపల గాలి నీటిబొట్టుని పైకి ఎగరేస్తుందనీ, అది గడ్డకట్టి కిందకొస్తే మళ్ళీ ఎగరేస్తుందనీ, పొర మీద పొర పట్టి ఇక మొయ్యలేనంత బరువైనప్పుడు వదిలేస్తుందనీ. చెబుతూ చెబుతూ కిటికీ వంక చూసింది. వాన వెలిసింది. మబ్బంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది. ఎదురుగా చెట్టు మీద ఒక్క ఆకు కదలడం లేదు.

ఆమె పాట ఒకటి పెట్టి డాబా మీదకి పరిగెత్తింది. పెట్టె తలుపు తీసి చూస్తే రెండు థర్మామీటర్లూ ఒకే అంకె దగ్గర ఉన్నాయి. నేల తడిగా ఉంది, పైన మబ్బులేని ఆకాశం, గాలి చచ్చిపోయింది. రాత్రంతా నేల వేడి పైకి పోతే అడుగునున్న తేమంతా మబ్బై నేల మీదే కూర్చుంటుంది, ముఖ్యంగా ఏటి దగ్గర. ఇన్నాళ్ళూ లేని పొగమంచుని పిలిచింది, ఇప్పుడది నిజంగానే వస్తోంది. నమ్మేవాళ్ళు ఎవరున్నారు? మేనేజరు ఇంటికెళ్ళిపోయాడు, ఫోను చేస్తే ఎత్తలేదు. చదివితే కార్యక్రమం పోతుంది. చదవకపోతే?

పాట అయిపోయింది. ఆమె మైకు దగ్గరికి జరిగింది. "రేపు తెల్లవారుజామున కొండ దారిలో పొగమంచు ఉంటుంది" అంది. అంతే. ఇంకో మాట కలపలేదు. అదైనా చిన్నగానే అంది.

భోజనాల దగ్గర ఆయనకి మళ్ళీ చెప్పింది.

"రేపు నిజంగానే మంచు పడుతుందండీ. పెట్టెలో రెండూ ఒకటే చూపిస్తున్నాయి."

"ఊఁ" అన్నాడాయన.

"ఊఁ అంటే? సెలవు పెట్టరాదూ?"

"ఎండాకాలం మంచుకి సెలవంటే డిపోలో నవ్వుతారే" అని చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున ఆయన వెళ్ళాక ఆమె ఇంటి డాబా ఎక్కింది. ఎదురింటి గోడ లేదు. వీధి దీపం ఉండాల్సిన చోట పాలు కలిపినట్టు మసక వెలుతురు. చెప్పులేసుకుని డిపోకి పరిగెత్తింది. బస్సుల వేళలు చూసే కంట్రోలరు ఆమెని చూసి లేచి నిలబడ్డాడు, ఈసారి ఎవరూ మంచు అని అరవలేదు. కొండ మీది గేటుకి ఫోను కలిపారు.

"అక్కా, నా చెయ్యే నాకు కనపడట్లేదు" అన్నాడు కాపలాదారు. "బస్సా? బస్సు ఇంకా రాలేదు. ఎప్పుడో రావాల్సింది."

కండక్టరు ఫోను కలవడమే లేదు. ఆయన ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. బండి నడిపేటప్పుడు ఆయన దాన్ని సీటు కింద డబ్బాలో పడేస్తాడని ఆమెకి తెలుసు. తెలిసినా పదే పదే చేసింది. బెంచీ మీద కూర్చుంది, లేచింది, గేటు దాకా వెళ్ళింది, వచ్చింది. వంతెన, మలుపు, దిగువన ఏరు. కళ్ళు మూసుకున్నా తెరిచినా అదే. కంట్రోలరు మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకునే ఉంది కానీ తాగలేదు. ఆమెకి దేవుడి మీద కోపమొచ్చింది, బస్సు మీద కోపమొచ్చింది, ఎండాకాలమంతా అబద్ధాలు చదివి నిజానికి విలువ లేకుండా చేసుకున్న తన నోటి మీద అన్నిటికంటే ఎక్కువ కోపమొచ్చింది.

ఎండెక్కింది. ఎదురుగా గోడలు, స్తంభాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అప్పుడు మోగింది ఫోను. కండక్టరు.

"వదినా! కంగారు పడకు, ఇప్పుడే మలుపు దాటాం. అన్న అసలు కొండెక్కితేగా! కొండ కింద బడి ఆవరణలో బస్సు పెట్టి ఇంజనాపేసి కూర్చున్నాడు. జనం అరిచారు, తిట్టారు, ఒకాయన చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. కదిలితే ఒట్టు! మంచు విడిచాక మలుపు దగ్గరికొచ్చి చూస్తే ఏముంది, ఖాళీ రోడ్డు. వెళ్ళిపోయినా వెళ్ళిపోయేవాళ్ళం. అందరూ అన్నని ఇంకా తిడుతున్నారు."

ఆమె గ్లాసులో నీళ్ళు గడగడా తాగేసి అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చింది. కంట్రోలరు కాగితాలు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగాడు.

సాయంత్రం ఆయన వచ్చాడు. మామూలుగానే కాళ్ళు కడుక్కున్నాడు. ఆమె తువ్వాలు అందించి ఎదురుగా నిలబడింది.

"నిన్న ఊఁ అన్నారు. ఇవాళ కొండెక్కలేదు. ఎందుకు?"

"నువ్వు చెప్పావుగా, మంచు ఉంటుందని."

"ఎండాకాలమంతా చెప్పాను. ఒక్కరోజైనా ఆగారా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"డిపోలో రేడియో ఉంటుంది కదా, ప్రతి శనివారం వింటాను. లేని మంచు చెప్పేటప్పుడు నీ గొంతు పెద్దదవుతుంది. తరుముకొస్తున్నట్టు చదువుతావు. నిదానంగా వెళ్ళండి, జాగ్రత్తగా వెళ్ళండి అంటూ ఇంకో నాలుగు మాటలు తగిలిస్తావు. పోయిన చలికాలంలో, ఆ ట్రాక్టరు సంగతికి ముందు, నిజంగా పడిన రోజుల్లో అలా లేదు. చిన్నగా అన్నావు, ఆగిపోయావు. నిన్న సాయంత్రం రేడియోలోనూ అలాగే అన్నావు."

ఆమెకి వచ్చింది కోపమే.

"అయితే ఇన్నాళ్ళూ తెలుసన్నమాట! ఊరంతా నన్ను చూసి పళ్ళికిలిస్తుంటే, ఆ మేనేజరు నన్ను నిలబెట్టి కడిగేస్తుంటే, నోరు విప్పలేదేం మీరు?"

"ఏం విప్పమంటావే?" అన్నాడాయన. పెళ్ళయ్యాక ఆయన గొంతు అంత పైకి లేవడం ఆమె వినలేదు. లోపల గదిలో అత్తగారి మంచం కిర్రుమంది. "పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్నాను ఆ దారిలో. శనివారం శనివారం నువ్వు మైకు పెట్టి, నా మొగుడికి బండి నడపడం రాదు అని ఊరికి చెబుతుంటే, నేనేం చెప్పను? వాళ్ళు నవ్వింది నిన్ను చూసి కాదు."

ఆమె అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. భయాన్ని ప్రేమ అనుకుంది ఇన్నాళ్ళూ. అది ఆయన చెవిలో ఇలా పడుతోందని కలలో కూడా అనుకోలేదు. కాసేపటికి ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ ట్రాక్టరు సంగతి నేను చెప్పి ఉండాల్సింది" అన్నాడు నేల వంక చూస్తూ. అంతకంటే క్షమాపణ ఆ మనిషి నుంచి రాదని ఆమెకి తెలుసు. వచ్చినంత తీసుకుంది.

మేనేజరు పిలిచి, "చెప్పకుండా చదివావు. ఈసారి నిజమైంది కాబట్టి వదిలేస్తున్నా" అన్నాడు. ఐసు బండివాడు బోర్డు మాత్రం చెరపలేదు, బేరం బాగానే ఉందట.

శనివారం వచ్చింది. కాగితం చూసింది, డాబా ఎక్కింది, గేటుకి ఫోను చేసింది. గాలి బలంగా ఉంది. రెండు థర్మామీటర్ల మధ్య బోలెడు ఎడం. ఎటు నుంచి చూసినా కొండ దారి శుభ్రంగా ఉంది. ఫ్యాను ఆపి మైకు ముందు కూర్చుంటే మాత్రం కాళ్ళు ఒకచోట నిలవలేదు. ఇదివరకు భయం వేస్తే ఒక మాట కలిపేది, ఆ మాట వెనక దాక్కునేది. ఇప్పుడు దాక్కునే చోటు లేదు. డిపోలో ఆయన వింటూ ఉంటాడు. ఆమె అన్న మాటనే కాదు, అన్న తీరుని కూడా. మంచు లేదని ఆమె అంటే ఆయన నమ్మి బండి పరిగెత్తిస్తాడు. పొరపాటున ఆమె లెక్క తప్పినా సరే నమ్ముతాడు.

ఇంకొకసారి పైకెళ్ళి పెట్టె చూసి వద్దామా అనిపించింది. అప్పటికే రెండుసార్లు చూసొచ్చింది. మైకు పక్కన ఎర్ర దీపం వెలిగింది.

"ఇక మన వారం వాతావరణం" అంది. ఎండ గురించి చెప్పింది, పడమటి గాలి గురించి చెప్పింది. కొండ దారి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. తర్వాత, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు చిన్నగా, "పొగమంచు లేదు" అంది.